పైకప్పు దిగి మంచమైంది

నేను కోడలిగా అడుగుపెట్టేనాటికి మా అత్తగారింట్లో ఫర్నిచర్ అనదగ్గ వస్తువు ఒక్కటీ లేదు. వరంగల్ మట్టెవాడలో ఒక ఇరుకు సందు, సందు చివర గూనపెంకుల ఇల్లు. పడసాలలో రెండు నులక మంచాలు, ఒక ముక్కాలిపీట, అర్రలో ఇనుప సందుగ. అంతే. బట్టలు దండెం మీద, పుస్తకాలు గూట్లో, దేవుడు ఇంకో గూట్లో. చుట్టాలొస్తే గోడకు నిలబెట్టిన మంచం వాల్చేవాళ్ళు, వాళ్ళు లేవగానే మళ్ళీ నిలబెట్టేవాళ్ళు. లేక కాదు. మామయ్య టీచరు, జీతం బాగానే వచ్చేది. కానీ ఆ ఇంటికి సామానంటేనే చిరాకు. "ఊడ్వడానికి అడ్డం" అనేది అత్తమ్మ. ఆమె లెక్కలో కుర్చీ కూడా అడ్డమే.

1998లో నా పెళ్ళి సామాన్లతో ఆ ఇంటికి మొదటి అడ్డం వచ్చింది. మా నాన్న ములుగులో పనిచేసేవాడు. చుట్టూ టేకు అడవి ఉన్న ఊళ్ళో ఉంటూ కూతురికి ఇంకో కట్టెతో మంచం చేయిస్తే నలుగురూ నవ్వుతారని ఆయన పట్టుదల. తెలిసినాయన్ని వెంటబెట్టుకుని కలప డిపోకు వెళ్ళాడు, నన్నూ తీసుకెళ్ళాడు. దుంగ దగ్గర నిలబడి నాన్న నాకు లెక్క వేయడం నేర్పింది అప్పుడే. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకోవాలి, దాన్ని దానితోనే గుణించాలి, వచ్చినదాన్ని పొడవుతో గుణించాలి. నాలుగడుగుల చుట్టుకొలత, ఎనిమిదడుగుల పొడవు ఉంటే ఎనిమిది ఘనపుటడుగులు. "నిజానికి ఇంకా ఎక్కువే ఉంటది బిడ్డా, బెరడుకూ రంపానికీ పోయేది తీసేసి కట్టిన లెక్క ఇది" అన్నాడు. ఆ దుంగతోనే పందిరి మంచం తయారైంది.

మా అత్తగారింటి దర్వాజ ఐదున్నర అడుగులు. మంచాన్ని విడదీసి లోపలికైతే తెచ్చారు గానీ, అర్రలో బిగించబోతే పందిరి కోళ్ళు వాసాలకు తగిలాయి. అందరూ తలలెత్తి పైకి చూస్తూ నిలబడ్డారు. "ఇల్లు పైకి లేపుదామా, మంచాన్ని పొట్టి చేద్దామా?" అన్నది అత్తమ్మ. మర్నాడు వడ్లాయన వచ్చి కోళ్ళను సగానికి కోసేశాడు. నాన్న చూసి ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అర్రలోకి రాకుండా పడసాలలోనే కూర్చుని వెళ్ళేవాడు.

నా మంచాన్ని పొట్టి చేసిన ఆ వాసాల మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది. వాటి సంగతి తెలిసింది మామయ్య పోయాక, అత్తమ్మ పాత ముచ్చట్లు చెప్పడం మొదలుపెట్టాక. మా ఆయన తాత ఆజంజాహి మిల్లులో నేతపని చేసేవాడు. నిజాం కాలంలో 1934లో పెట్టిన మిల్లు అది. మిల్లు కూత వినిపిస్తే పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళట ఈ వాడల్లో. 1950ల్లో ఆ మిల్లు జీతం కూడబెట్టే తాత ఈ ఇల్లు కట్టాడు. గోడలు మట్టివే గానీ కట్టె దగ్గర మాత్రం రాజీ పడలేదు. దూలాలు, దంతెలు, వాసాలు అన్నీ ఏటూరునాగారం వైపు నుంచి ఎడ్లబండ్ల మీద తెప్పించాడు. బండ్లు వచ్చినరోజు వాడంతా వచ్చి చూసి వెళ్ళిందని అత్తమ్మకు వాళ్ళ అత్త చెప్పేదట.

మిల్లు మూతపడి చాలా ఏళ్ళైంది. ఇల్లు మాత్రం లాక్కొచ్చింది. చివరికి దాన్ని దించేలా చేసింది వాన అని అందరికీ చెబుతాం గానీ, అసలు కారణం కోతులు. వరంగల్‌లో పెంకుటిల్లున్న వాళ్ళకు ఈ బాధ చెప్పక్కర్లేదు. మంద దిగిందంటే కప్పు మీద పరుగులు, ప్రతి గెంతుకూ ఒక పెంకు పటుక్కుమంటుంది. పగిలిన పెంకు మార్చుదామంటే గూనపెంకులు చేసేవాళ్ళు లేరు, సర్దేవాళ్ళు అంతకంటే లేరు. పైన టార్పాలిన్లు కప్పి నెట్టుకొస్తుంటే 2023 జూలై చివర్లో ఆ వానలు వచ్చాయి. హన్మకొండ, వరంగల్‌లలో కాలనీలకు కాలనీలు నీళ్ళలో ఉన్న రోజులవి. మా ఇల్లు మునగలేదు, పైనుంచి కారింది. గిన్నెలు, బకెట్లు, చివరికి పూజ పళ్ళేలు కూడా కింద పెట్టాం. అత్తమ్మ రాత్రంతా సందుగ మీద కూర్చుంది. తెల్లారి, "ఇంక ఇప్పేయండి" అన్నది. ఆ మాట ఆమె నోట్లోంచి రావాలనే మా ఆయన ఎన్నో ఏళ్ళుగా కాచుకుని ఉన్నాడు.

ముందు భాగం దించి స్లాబ్ వేయడం, వెనకనున్న అర్రలు, వంటిల్లు బాగుచేయించడం అని ప్లాన్. ఫర్నిచర్ కోసం మా ఆయన హన్మకొండలో ఒక ఇంటీరియర్స్ షాపుకు తీసుకెళ్ళాడు. కంప్యూటర్‌లో మా ఇల్లే అని ఒక బొమ్మ చూపించారు. తెల్లటి గోడలు, తెల్లటి సోఫా, దాని మీద కాఫీ కప్పుతో ఎవరో అమ్మాయి. ధర అంతా చదరపు అడుగుల్లో. మంచం ఎంత ఎత్తుంటుందని అడిగితే "స్టాండర్డే మేడమ్" అన్నాడు. ఏ కొలత అడిగినా అదే జవాబు. ఆ స్టాండర్డ్ మనిషి ఎంత పొడుగుంటాడో, మోకాళ్ళు నొప్పులుంటాయో లేవో మాత్రం అక్కడెవరికీ తెలియదు. బయటికొచ్చాక మా ఆయన కూడా కొంచెం చల్లబడ్డాడు, అది కొటేషన్ చూశాకనే అనుకోండి.

దసరా వెళ్ళాక కప్పు విప్పించాం. పెంకులు తీశాక దూలాలు, దంతెలు ఒక్కొక్కటే దించి వాకిట్లో పేరిస్తే, ఇంతేనా అనిపించింది. పొయ్యి పొగ పట్టి పట్టి నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. పాత కట్టె కొనే వ్యాపారి వాసన పట్టి రానే వచ్చాడు. చూసీ చూడనట్టు ఒక చుట్టు తిరిగి, "పొయ్యిల కట్టెనే గానీ, తీస్క పోతా" అంటూ ఒక రేటు చెప్పాడు. సుతారి మేస్త్రి నన్ను పక్కకు పిలిచి, "అమ్మకుర్రి మేడమ్, ముందు చారికి చూపెట్టుర్రి" అన్నాడు. మేస్త్రీల్లో ఇలాంటి మాట చెప్పేవాళ్ళు దొరకడం మా అదృష్టం.

చారి అరవై దాటిన వడ్రంగి. కరీమాబాద్ వైపు ఉంటాడు. వాళ్ళ నాన్న ఊళ్ళో నాగళ్ళు, బండి చక్రాలు చేసేవాడట. డబ్బులు తీసుకోవడం ఉండేది కాదు, పంటలప్పుడు కల్లంలో మేర గింజలు ఇచ్చేవాళ్ళు. ఈయన మాత్రం పట్నంలోనే పని నేర్చాడు. వచ్చీ రాగానే మాతో మాట్లాడలేదు. సంచిలోంచి బాడిశ తీసి దూలం చివర చిన్న పెచ్చు లేపాడు. ఆ నలుపు కింద వెడల్పుగా, మెరుస్తూ బెల్లం పాకంలాంటి రంగు బయటపడింది. పెచ్చును ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత నాకిచ్చాడు. డెబ్బై ఏళ్ళ కట్టె ఇంకా నూనె వాసన వేస్తోంది. "చెదలు ముట్టనిది దీన్నే చెల్లె, ఈ నూనెను. మొత్తం చేవనే. ఇగ ఇది వంగది, పగలది. ఎండేదంతా మీ తాత నెత్తి మీదనే ఎండింది" అన్నాడు.

గోడ మీద పెన్సిల్‌తో లెక్క మొదలుపెట్టాడు. పెద్ద దూలం ఎత్తు ఎనిమిది అంగుళాలు, మందం ఆరు, పొడవు పన్నెండు అడుగులు. మూడూ గుణించి 144తో భాగిస్తే నాలుగు ఘనపుటడుగులు. అలా ఒక్కో కట్టె లెక్కా రాసుకుంటూ పోయాడు. గోడ ఎటూ రంగు వేయాల్సిందే కదా అని మేమేమీ అనలేదు. చివరికి ఇంటికి కావాల్సిన సామానంతటికీ కట్టె సరిపోతుందని, వంటింటి అల్మారాలకు మాత్రం ప్లైవుడ్ కొనాలని తేల్చాడు.

కోతమిల్లులో మొదట ససేమిరా అన్నారు. పాత దూలమంటే మేకుల పుట్ట. లోపల ఒక్క మేకు తగిలినా బ్యాండ్‌సా బ్లేడు పళ్ళు ఊడిపోతాయి. చారి పాడైన స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతానికి దారం కట్టి తెచ్చాడు. దూలం పొడుగునా దాన్ని మెల్లగా జరుపుతూ పోవడం, అది ఎక్కడ లాగితే అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టడం. తర్వాత ఉలితో తవ్వి, మేకు తల దొరకబుచ్చుకుని పట్టకారుతో లాగడం. కొన్ని మేకులు చేతివేలంత పొడుగు, నాలుగు పలకలవి, కమ్మరి కొట్టినవి. టేకులో ఇనుము దిగితే చుట్టూ కట్టె నీలినలుపు రంగుకు మారుతుంది, ఆ మరక ఎంత రంద కొట్టినా, అంటే చిత్రిక పట్టినా, పూర్తిగా పోదు. మా డైనింగ్ టేబుల్ మీద ఇప్పటికీ అక్కడక్కడా ఆ మచ్చలున్నాయి. చూసినవాళ్ళు "ఏదో ఒలికింది, తుడవండి" అంటుంటారు.

కోతకు డబ్బులు నగదే ఇవ్వాలన్నారు. అది నవంబరు, అసెంబ్లీ ఎన్నికల కోడ్ నడుస్తోంది. యాభై వేలకు మించి కాయితాల్లేకుండా దొరికితే పట్టుకుంటున్నారు. మా ఆయన బ్యాంకు స్లిప్పు జేబులో పెట్టుకుని, చెక్‌పోస్టు కనబడితే చాలు టెన్షన్ పడుతూ మిల్లుకు తిరిగాడు. నవంబరు 30న ఓటేసి వచ్చాకే ఇంట్లో రంద చప్పుడు మొదలైంది.

అసలు చెప్పాలనుకున్నది చారి కొలతల గురించి. టేపు ఉండేది గానీ దాన్ని చివరికి తీసేవాడు. ముందు మనిషిని చూసేవాడు. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. నులక మంచం మీద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. చారి వాకిట్లో ఇటుకలు పేర్చి, మీద పలక వేసి, "కూసోండమ్మా" అన్నాడు. కూర్చుంది. "లెవ్వుర్రి." లేవలేకపోయింది. ఇంకో వరస ఇటుకలు పెట్టాడు. మళ్ళీ కూర్చోబెట్టాడు, లేపాడు. ఇటుక ఎక్కువైనప్పుడు కాళ్ళు నేలకు ఆనలేదు, "నేనేమన్న పోరినా ఉయ్యాల ఊగడానికి?" అని కసురుకుంది. ఇటుక తీసి, పలక కింద అట్టముక్క పెట్టి సరిచేశాడు. చివరికి ఒక ఎత్తులో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తొడల మీద అరచేతులు ఆనించి లేచి నిలబడింది. నిలబడి ఒకసారి కిందికి, పలక వైపు చూసుకుంది. అప్పుడు తీశాడు చారి టేపు. పరుపుతో కలిపి ఇరవై అంగుళాలు. "పరుపు ఎంత మందం కొంటరో ముందే చెప్పుర్రి, అది తీసేసి కోడు కోస్త" అన్నాడు. షాపులో అడిగిన ప్రశ్నకు నాకు జవాబు దొరికింది ఆ పూట.

నా వంతు వంటగట్టు దగ్గర వచ్చింది. నాది ఐదడుగుల ఎత్తు. పెళ్ళైన కొత్తలో కింద కూర్చుని వండాను, తర్వాత మామయ్య కట్టించిన గట్టు మీద మడమలు లేపి వండాను. చారి నన్ను గోడ పక్కన నిలబెట్టి, చపాతీ ఒత్తుతున్నట్టు చేతులు పెట్టమన్నాడు. మోచేతి కింద బెత్తెడు కొలిచి, గోడ మీద గీత గీశాడు. సుతారి మేస్త్రిని పిలిచి "గట్టు ఈ గీతకు రావాలె, బండ మందంతో సహా" అన్నాడు. ఆయనకూ ఈయనకూ కాసేపు వాదన నడిచింది. అంత తక్కువ ఎత్తులో ఎవరూ కట్టించుకోరని ఆయన, వండేది ఈ చెల్లెనే కదా అని ఈయన.

మంచాల దగ్గరికి వచ్చేసరికి ఇంకో లెక్క బయటికొచ్చింది. ఆయం, అంటే కొలతల్లో మంచీచెడూ చూసే వాస్తు లెక్క. ఇంటికి చూస్తారని తెలుసు గానీ మంచానికి కూడా చూస్తారని నాకు తెలియదు. చారి పద్ధతిలో పొడవు, వెడల్పు అంగుళాల్లో గుణించి ఎనిమిదితో భాగించాలి. శేషం ఒకటైతే ధ్వజం, రెండు ధూమం, మూడు సింహం, నాలుగు శునకం, ఐదు వృషభం, ఆరు గాడిద, ఏడు గజం, ఏమీ మిగలకపోతే కాకి. బేసి వచ్చినవి మంచివి. మా ఆయన కోరిన ఆరు బై ఆరుంబావు మంచం అంటే 72, 75. గుణిస్తే 5400, ఎనిమిదితో భాగిస్తే శేషం సున్నా.

"కాకి" అన్నాడు చారి, పెన్సిల్ చెవిలో పెట్టుకుంటూ.

"అందరిండ్లల్లో ఇదే సైజు కదన్నా" అన్నాడు మా ఆయన.

"అందుకే అందరిండ్లల్లో గట్లుంది."

వెడల్పు ఒక్క అంగుళం పెంచి 73 చేస్తే శేషం మూడు, సింహం. మరి పరుపు 72 అంగుళాలదే కదా, పక్కన సందు మిగులుతుందంటే, "సందుల చద్దరు దోపుకోండి" అన్నాడు. అత్తమ్మ మంచం 37, 75 పెడితే శేషం ఏడు. అత్తమ్మకు ఏనుగు వచ్చిందని ఆ సాయంత్రం పక్కింటివాళ్ళకు కూడా తెలిసిపోయింది. రాత్రి నేను ఊరుకోలేక, ములుగు నుంచి వచ్చిన నా పెళ్ళి మంచం లెక్క వేశాను. ఐదు బై ఆరున్నర. 60, 78. వచ్చింది 4680, ఎనిమిదితో భాగిస్తే నిశ్శేషంగా పోయింది. పాతికేళ్ళు కాకి మంచం మీద కాపురం చేశామన్నమాట. మా ఆయనకు చెబితే, "చెప్పకపోతే తెలిసేది కాదు, బాగానే ఉండె కదా" అన్నాడు. నాకు ఈ ఆయాల మీద నమ్మకం ఉందా అంటే, లేదు. కానీ అంగుళం పెంచితే పోయేదేముంది?

ప్లైవుడ్ దగ్గర ఒక గొడవ జరిగింది. సింకు కింద నీళ్ళు తగిలే చోట 710 గ్రేడు మెరైన్ ప్లై వాడాలని చారి చెప్పాడు. ఒక దుకాణంలో కొన్నాం, షీట్ల మీద ముద్ర కూడా ఉంది. చారికి ఎందుకో అనుమానం వచ్చింది. మూలన చిన్న ముక్క కోసి, గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టమన్నాడు. అసలు మెరైన్ ప్లైని 72 గంటలు మరిగించినా పొరలు విడిపోకూడదట, పరీక్ష అదేనట. "కట్టె ఉడకబెట్టే వంట ఇప్పుడే చూస్తున్న" అని అత్తమ్మ గిన్నె చుట్టూ తిరిగింది. మాకు 72 గంటలు అక్కర్లేకపోయింది, మర్నాటికే ముక్క పుస్తకంలా విచ్చుకుంది. మా ఆయన ఆ గిన్నెతో సహా దుకాణానికి వెళ్ళాడు. అక్కడ ఏం మాట్లాడాడో చెప్పలేదు గానీ షీట్లు మార్చి ఇచ్చారు.

పెద్ద దూలం మధ్యలో రెండు గాళ్ళు ఉన్నాయి. ఉయ్యాల తాళ్ళు ఒరుసుకుని పడ్డవి, వేలు పెడితే నున్నగా తగులుతాయి. మామయ్య, ఆయన తమ్ముళ్ళు, మా ఆయన, మా ఆడబిడ్డలు, మా పిల్లలు అందరూ ఆ దూలానికి కట్టిన ఉయ్యాల్లో ఊగినవాళ్ళే. ఆ ముక్క కోయకుండా ఎక్కడైనా కనిపించేలా పెట్టాలని నా కోరిక. మంచం తలాపున పెడితే బాగుంటుందన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. "గుంతలు పడ్డ కట్టె తలకాడ ఎందుకు? దుమ్ము చేరుతది. రంద కొట్టి నున్నగ చెయ్యి చారీ" అన్నది. ఆమెకు నిజంగానే ఆ గాళ్ళ మీద మమకారమేమీ లేదు. ఊపీ ఊపీ చెయ్యి నొప్పి పుట్టిన మనిషికి అవి అందంగా ఎందుకు కనిపిస్తాయి! చారి ఇద్దరి మాటా విని ఊరుకున్నాడు. టేబుల్ తయారయ్యాక చూస్తే, ఆ పలకను గాళ్ళు కిందివైపు వచ్చేలా వేశాడు. పైన నున్నగా అత్తమ్మ మాట, అడుగున నా మాట. తినేటప్పుడు నా ఎడమచెయ్యి అక్కడికి పోతుంటుంది.

అల్మారా తలుపుల పని నాకు అన్నిటికంటే ఇష్టం. చట్రంలో ఒక కట్టె చివరి కుసిని (నాలుకను) ఇంకో కట్టె బెజ్జంలో దూర్చి, అడ్డంగా చెక్క సీల దిగ్గొట్టాడు. చట్రం లోపల గాడి తీసి, అందులో పలక కూర్చోబెట్టాడు. ఆ పలకకు మాత్రం ఫెవికాల్ చుక్క కూడా పెట్టనివ్వలేదు. కుర్రవాడు పెట్టబోతే చేతి మీద ఒక్కటిచ్చాడు. వానాకాలం పలక ఉబ్బుతుంది, మన నలభై ఐదు డిగ్రీల ఎండల్లో కుంచించుకుపోతుంది. అతికిస్తే కదలడానికి చోటుండదు, నిలువునా చీలుతుంది. గాడిలో వదిలేస్తే దాని మానాన అది కదులుతుంది.

ఫిబ్రవరిలో పని ఆగిపోయింది. మేడారం జాతర. 21 నుంచి 24 దాకా గద్దెల మీద అమ్మవార్లుంటే వరంగల్‌లో ఎవరు పనిచేస్తారు? చారి మనవడికి నిలువెత్తు బంగారం మొక్కు ఉంది, అక్కడ బంగారమంటే బెల్లమే. బెల్లం బుట్టతో కుటుంబమంతా ముందే వెళ్ళిపోయి, జాతర అయిపోయిన చాలా రోజులకు గానీ తిరిగి రాలేదు. సగం చేసిన మంచాల మధ్య, పొట్టు కుప్పల మధ్య మేం వండుకు తిన్నాం. వచ్చేటప్పుడు బంగారం ముక్క తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టాడు, ఆలస్యం గురించి ఎవరూ నోరెత్తలేదు.

దేవుడి మందిరం దగ్గర చారికీ నాకూ చిన్న పేచీ. కాకతీయ తోరణం చెక్కుతానంటాడు. వరంగల్‌లో ఏ షాపు బోర్డు చూసినా తోరణమే, పెళ్ళి స్టేజీకి తోరణమే, బస్టాపుకూ తోరణమే. ఇంట్లో కూడా వద్దన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. పెంబర్తి నుంచి ఇత్తడి రేకు పట్టీలు, చిన్న గంటలు తెప్పించి తలుపులకు బిగిద్దామంటే తేరుకున్నాడు. పాలిష్ కూడా మెరుపుది వద్దన్నాం. ఉప్పుకాగితంతో గీకి, లక్క స్పిరిట్‌లో కరిగించి, గుడ్డతో పూతలు పూతలుగా రుద్దారు. మేకుల బెజ్జాల్లో లప్పం పెడతానంటే మా ఆయన వద్దన్నాడు. దూలం ముక్కలతో చేసిన దివాన్ మీదికి కొత్తవాడలో కొలతిచ్చి దుర్రీ (జంపఖానా) నేయించాం. వరంగల్ దుర్రీలకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, నేసే ఇళ్ళల్లో మగ్గం చప్పుడు తగ్గిపోయింది. మా కొలత చూసి ఆ పెద్దాయన "ఈ సైజు ఎవలకు? ఏ షాపులనూ ఉండదు" అన్నాడు. అదే కదా మాకు కావాల్సింది.

ఏప్రిల్ 9న ఉగాది. ఆ పొద్దున కొత్త గట్టు మీద పాలు పొంగించాం. నేను మడమలు లేపకుండా పొంగించాను, అది మాత్రం చెప్పుకోవాలి. ఆడబిడ్డలు, పిల్లలు, వాడకట్టువాళ్ళు వచ్చారు. నా పెళ్ళి మంచాన్నీ పారేయలేదు. కోసేసిన కోళ్ళ పైన టోపీల్లా చిన్న గుండ్లు తిప్పించి పెట్టాడు చారి. మా నాన్న ఎనభై రెండేళ్ళ వయసులో ఆటో దిగి, ఈసారి పడసాలలో ఆగకుండా నేరుగా అర్రలోకి వెళ్ళాడు. గుండ్లు పట్టుకుని తిప్పి చూశాడు. "కట్టె నాదే కదా?" అని అడిగాడు. గుండ్లు మాత్రం మా తాతది అన్నాడు మా ఆయన. ఇద్దరూ కూర్చుని టేకు రేట్లు మాట్లాడుకుంటూ భోజనానికి ఎంత పిలిచినా రాలేదు.

మిగిలిన కట్టె గురించి చుట్టాల్లో ఆరాలు మొదలయ్యాయి. ఒకరికి పీట కావాలి, ఇంకొకరికి రోకలి. అత్తమ్మ చారిని కూర్చోబెట్టి ముక్కలన్నీ లెక్క రాయించింది. ఎవరికేం చేయాలో, ఏ ముక్క మనవడి పెళ్ళికి ఆపాలో అన్నీ చెప్పింది. సామానంటే అడ్డమన్న మనిషే! ఇప్పుడు ఎవరైనా టేబుల్ మీద తడి గ్లాసు పెడితే చాలు, వెనకే గుడ్డ పట్టుకుని వస్తుంది.

ఒక్క పేచీ మిగిలింది. టేబుల్ సొరుగు. మార్చిలో వేలితో తోస్తే జారిపోయేది, జూలై వానలు పట్టగానే బిగుసుకుపోయింది. మా ఆయన సుత్తె తీసుకునేలోపు నేను చారికి ఫోన్ చేశాను. "కొట్టకుర్రి చెల్లె. నీళ్ళు తాగి ఉబ్బింది. ఎండలు రానీయ్, అదే వస్తది" అన్నాడు. బండి కాయితాలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ మూడు నెలలూ ట్రాఫిక్ పోలీసు కనబడితే మా ఆయన సందుల్లోంచి తిరిగాడు. సద్దుల బతుకమ్మ దగ్గర పడ్డాక ఒక పొద్దున అత్తమ్మ టేబుల్ తుడుస్తూ చెయ్యి ఆనిస్తే సొరుగు దానంతటదే బయటికొచ్చింది. కాయితాలు భద్రంగా ఉన్నాయి. ఇన్సూరెన్స్ గడువే లోపల దాటిపోయింది.